గుహ డైవింగ్‌లో ఒక్కో మెట్టు ఎలా ఎక్కాలి

బయటి నీటిలో ఈదే డైవర్‌కు ఏ ఇబ్బంది వచ్చినా ఒక దారి మాత్రం తెరిచే ఉంటుంది: నెమ్మదిగా పైకి తేలి గాలిని అందుకోవచ్చు. నీటితో నిండిన గుహలో తలపైన ఉండేది రాయి. గాలి అందాలంటే లోపలికి వచ్చిన దూరమంతా తిరిగి ఈదాలి. కాబట్టి సమస్య ఎక్కడ తలెత్తితే అక్కడే, ఒక్కోసారి కళ్ల ముందు పెట్టుకున్న చెయ్యి కూడా కనిపించని బురదనీటిలోనే, దాన్ని సరిదిద్దుకోవలసి వస్తుంది. అందుకు చాలినంత ధ్యాస ఆ క్షణంలో మీకు మిగిలి ఉందా లేదా అన్నదే గుహ డైవింగ్‌లో అన్నిటికన్నా పెద్ద ప్రశ్న అని నేను నమ్ముతాను.

మనిషి ధ్యాసకు హద్దు ఉంది. కొత్త పరికరం అందులో కొంత లాక్కుంటుంది, తెలియని గుహ కొంత, మొదటిసారి కలిసి దిగుతున్న సహచరుడు కొంత, పెరిగిన లోతు మరికొంత లాక్కుంటాయి. విడివిడిగా చూస్తే వీటిలో ఏదీ పెద్ద ప్రమాదంగా కనిపించదు గానీ, అన్నీ ఒకే డైవ్‌లో కలిసినప్పుడు చిన్న లోపాన్ని గమనించే శక్తి కూడా మిగలదు. అందువల్ల నేను మీకు చెప్పదలచుకున్న పద్ధతి ఇది: ఒక డైవ్‌లో ఒక్క కొత్త విషయాన్నే చేర్చండి, అది మీ ధ్యాసను లాక్కోవడం మానేసిన తరువాతే రెండోదాని జోలికి వెళ్లండి. ఇది శిక్షకుడికి ప్రత్యామ్నాయం కాదని ముందే మనవి చేస్తున్నాను. ప్రతి మెట్టుకూ అర్హత ఉన్న గుహ డైవింగ్ శిక్షకుడు పక్కన ఉండాలి. ఆ శిక్షణల మధ్య కాలంలో మీ అంతట మీరు ఎలా ఎదగాలో మాత్రమే ఇక్కడ వివరిస్తాను.

ఈ జాగ్రత్త వెనుక ఎందరివో ప్రాణాలు ఉన్నాయి. అమెరికాకు చెందిన గుహ డైవర్ షెక్ ఎక్స్‌లీ గుహల్లో జరిగిన మరణాలను పరిశీలించి 1979లో ప్రచురించిన విశ్లేషణలో మూడు కారణాలు పదే పదే కనిపించాయి: బయటి వరకు తెగకుండా సాగే లైన్ (దారి చూపే తాడు) వేయకపోవడం, మొదట ఉన్న గాలిలో కనీసం మూడింట రెండు వంతులు తిరుగు ప్రయాణానికి ఉంచుకోకపోవడం, తగని లోతుకు వెళ్లడం. శిక్షణ, లైట్లు అనే రెండు అంశాలు ఆ తరువాత వీటితో చేరాయి. ఆస్ట్రేలియాలో మౌంట్ గాంబియర్ సమీపంలోని షాఫ్ట్ అనే నీటిగుహలో 1973లో నలుగురు డైవర్లు మరణించారు. అదే ఏడాది ఏర్పడిన కేవ్ డైవర్స్ అసోసియేషన్ ఆఫ్ ఆస్ట్రేలియా గుహలను స్థాయిలుగా విడదీసి, ఏ స్థాయి గుహకు ఆ స్థాయి అర్హత ఉండాలనే పద్ధతిని అభివృద్ధి చేసింది. బయటి నీటిలో ఎన్ని వందల డైవ్‌లు చేసినా ఆ అనుభవం గుహకు సరిపోదన్నది ఈ చరిత్రంతటిలోనూ కనిపించే విషయం.

మొదటి మెట్టు: బయటి నీటిలో శరీరాన్ని అదుపులో పెట్టుకోండి

గుహ అడుగున పేరుకున్న మెత్తని ఒండ్రు ఒక్క తప్పుడు తన్నుకే లేస్తుంది. కొన్ని చోట్ల అది తిరిగి అణగడానికి గంటలు పడుతుంది. అందుకని గుహ దరిదాపులకు వెళ్లకముందే, పైన ఏ కప్పూ లేని నీటిలో, ఒంటిని నేలకు సమాంతరంగా ఉంచి, మోకాళ్లు వంచి, ఫిన్స్‌ను పైకెత్తి, చేతులు ఆడించకుండా ఒకే లోతులో నిలబడడం నేర్చుకోండి. తరువాత ఫ్రాగ్ కిక్ అనే కప్పతన్ను, ఇరుకు చోట్లకు పనికొచ్చే దాని చిన్న రూపం, ఉన్నచోటే తిరిగే హెలికాప్టర్ టర్న్, వెనక్కి కదిలే బ్యాక్ కిక్ వరుసగా సాధన చేయండి. వీటిలో బ్యాక్ కిక్ అందరినీ ఎక్కువ రోజులు ఏడిపిస్తుంది. దాన్ని వదిలేసి ముందుకు వెళ్లకండి. ఇరుకులో తాడుకు మరీ దగ్గరగా వెళ్లినప్పుడు దాన్నీ నేలనూ తాకకుండా వెనక్కి జరగడానికి మీకు పనికొచ్చేది అదే.

ఊరికే నిలబడినప్పుడు లోతు నిలకడగా ఉందంటే నేర్చుకున్నట్లు కాదు. చేతులకు వేరే పని ఉన్నప్పుడు కూడా నిలకడగా ఉండాలి. ఐదారు మీటర్ల లోతులో మాస్క్ తీసి మళ్లీ పెట్టుకోండి, తాడు చుట్టిన రీల్ విప్పి చుట్టండి, రెండో లైటు తీసి వెలిగించండి, సహచరుడికి పొడవు గొట్టం ఉన్న రెగ్యులేటర్ (నోటితో గాలి పీల్చుకునే పరికరం) అందించండి. ఆ గొట్టం సాధారణంగా 2 మీటర్లకు కాస్త పైగా ఉంటుంది, ఇరుకు దారిలో ఇద్దరూ ఒకరి వెనుక ఒకరు ఈదుతూ ఒకే సిలిండర్ నుంచి గాలి పీల్చుకోవడానికే దానికి అంత పొడవు. ఈ పనులన్నీ చేస్తున్నంత సేపూ మీ లోతు అర మీటరు కూడా మారలేదని సహచరుడు తీసిన వీడియోలో మీకు కనిపించాలి. వీడియో తప్పనిసరి అంటాను, ఎందుకంటే తాను అడ్డంగా నిలబడ్డానని అనుకునే డైవర్ నిజానికి ఏటవాలుగా ఉండడం చాలా మామూలు విషయం. అప్పుడప్పుడూ వెనక్కి తిరిగి మీరు దాటి వచ్చిన నేలను చూడండి. అక్కడ మబ్బులా బురద లేచి ఉంటే గుహ సంగతి ఇంకా ఆలోచించవద్దు.

రెండో మెట్టు: నేల మీద తాడుతో సాధన చేయండి

చాలామంది తొందరపడి దాటేసే మెట్టు ఇది. నాకు అన్నిటికన్నా ఇష్టమైనదీ ఇదే. గుహలో వేసే సన్నని నైలాన్ తాడును డైవర్లు లైన్ అంటారు. చూపు పోయినప్పుడు బయటికి తీసుకెళ్లేది ఆ లైన్ ఒక్కటే. దాన్ని వేయడం, చుట్టడం, చేత్తో తడుముతూ వెంబడించడం అన్నీ నేల మీదే నేర్చుకోవచ్చు, అక్కడ తప్పు చేస్తే నష్టం ఏమీ ఉండదు.

చెట్లు ఉన్న ఆరుబయట రీల్ తీసుకుని మొదటి ముడి వేయండి. గుహ దగ్గర ఈ ముడి, నేరుగా పైకి తేలగలిగిన చోట, బయటి నీటిలో పడాలి. రెండో ముడి గుహ ముఖానికి కాస్త లోపల, మొదటి ముడి ఎప్పుడైనా ఊడినా దారి చెడకుండా కాపాడేలా పడాలి. అక్కడి నుంచి తాడును బిగువుగా ఉంచుతూ, ప్రతి మలుపులోనూ దాన్ని దేనికో ఒకదానికి ఆనించి నిలుపుతూ సాగండి. తాడు వదులైతే కాళ్లకు చుట్టుకుంటుంది. మలుపులో దాన్ని నిలపకపోతే మనిషి పట్టని ఇరుకు సందులోకి జారిపోతుంది, చీకట్లో దాన్ని పట్టుకుని వచ్చేవాడు ఆ సందు దగ్గర ఇరుక్కుంటాడు. ఈ రెండు తప్పులనూ అర్థం చేసుకోవడానికి మంచి మార్గం ఒకటి ఉంది: మీరు వేసిన లైన్‌ను మీరే కళ్లకు గంతలు కట్టుకుని, బొటనవేలు, చూపుడువేలు కలిపి దాని చుట్టూ ఉంగరంలా పట్టుకుని వెంబడించండి. మొదటిసారి అలా చేసినప్పుడు నా లైన్ నన్ను నేరుగా ఒక ముళ్లపొదలోకి తీసుకెళ్లింది. కళ్లు తెరిచి ఉన్నప్పుడు ఎంతో చక్కగా కనిపించిన తాడు అది.

లైన్ తప్పిపోయినప్పుడు చేయవలసిన వెతుకులాట కూడా గంతలతోనే చేయండి. తాడు చేతికి తగలడం లేదని తెలిసిన క్షణమే ఆగాలి. ఈదడం మొదలుపెడితే తెలిసిన ఆ ఒక్క చోటు కూడా పోతుంది. దగ్గరున్న కదలని రాతికి మీ జేబులోని చిన్న స్పూల్ తాడును కట్టి, లైన్ ఉండవచ్చని మీకు చివరగా గుర్తున్న దిక్కుకు అడ్డంగా వెతుక్కుంటూ వెళ్లాలి, దొరక్కపోతే అదే తాడు వెంట వెనక్కి వచ్చి మరో దిక్కు చూడాలి. ఒకరి చేయి ఒకరు పట్టుకుని, ముందే అనుకున్న తాకిడి సంకేతాలతో ఇద్దరూ కలిసి బయటికి రావడం కూడా ఇక్కడే నేర్చుకోండి. ఈ పనులు నీటిలో చేయవలసి వచ్చినప్పుడు వాటి క్రమం మీ చేతులకు ముందే తెలిసి ఉంటుంది.

మూడో మెట్టు: వెలుతురు అందే గుహ ముఖం

దీన్ని కావెర్న్ స్థాయి అంటారు. పగటి వెలుతురు కంటికి కనిపించే మేరకే ఇక్కడ తిరగాలి. లోతు, దూరం కలిపి పైనీటి నుంచి 40 మీటర్లు అని కొన్ని సంస్థలు, 60 మీటర్లు అని మరికొన్ని హద్దు పెడతాయి. ఇద్దరు పక్కపక్కన పట్టని ఇరుకుల్లోకి వెళ్లకూడదు, డీకంప్రెషన్ ఆగుడులు (ఒంట్లో కరిగిన వాయువు బయటికి పోవడానికి పైకి వచ్చేటప్పుడు మధ్యలో ఆగడం) అవసరమయ్యేంత సేపు ఉండకూడదు. వెలుతురు ఉంది కదా అని లైన్ వేయడం మానకండి. ఒండ్రు లేస్తే ఆ వెలుతురు ఒక్క నిమిషంలో మాయమవుతుంది. మీరు వదిలిన బుడగలు కప్పుకు తగిలి, అక్కడ అంటుకుని ఉన్న మట్టి వానలా రాలడం కూడా ఈ స్థాయిలోనే మొదటిసారి చూస్తారు. ఆ అనుభవం బయటి దారి కళ్ల ముందున్నప్పుడే కలగడం మంచిది.

నాలుగో మెట్టు: ఒకే లైన్, కూడళ్లు లేని ప్రయాణం

ఇక్కడ పగటి వెలుతురు వెనకబడిపోతుంది. ప్రతి డైవర్ దగ్గరా మూడు లైట్లు ఉండాలి, ఒకటి ప్రధానమైనది, రెండు అవసరానికి. వాటిలో ప్రధానమైనది ఆరిపోతే ఆ డైవ్ అక్కడితో ముగిసింది; మిగిలిన రెండూ బయటికి రావడానికే గాని ముందుకు వెళ్లడానికి కాదు. ఏ డైవర్ అయినా, ఏ క్షణంలోనైనా, ఏ కారణానికైనా డైవ్ ముగించవచ్చన్నది గుహ డైవర్లందరూ పాటించే నియమం. డైవ్ ముగిద్దామని బొటనవేలు పైకెత్తిన సహచరుడిని నీళ్లలో గాని, బయటికి వచ్చిన తరువాత గాని సంజాయిషీ అడగకండి. ఒకసారి అడిగితే రెండోసారి అతడు ఆ వేలు ఎత్తడానికి సందేహిస్తాడు.

ఇక గాలి లెక్క. మూడింట ఒక వంతుతో లోపలికి, ఒక వంతుతో బయటికి, మిగిలిన వంతు సహచరుడికి గాలి పోయినప్పుడు ఇద్దరూ బయటపడడానికి అన్నది మూల నియమం. సిలిండర్‌లో 200 బార్ (గాలి ఒత్తిడి కొలత) ఉంటే మూడో వంతు 66. దాన్ని కిందికి సవరించి 60 అనుకుని, ఒత్తిడి మీటర్ 140 చూపగానే వెనుదిరగాలి. ఈ స్థాయిలో జంట సిలిండర్లు వాడేవారికి ఆరో వంతే అనుమతిస్తారు, అంటే సుమారు 30 బార్. కొత్తవారికి ఇది మరీ పిసినారితనంగా అనిపించవచ్చు. కానీ మూడో వంతు లెక్క సరిపోవాలంటే తిరుగు ప్రయాణం కూడా లోపలికి వెళ్లినంత ప్రశాంతంగా, అంతే వేగంగా సాగాలి. భయపడిన మనిషి శ్వాస ఎన్నో రెట్లు పెరుగుతుంది, చూపు లేని నీటిలో ఇద్దరు ఒకే సిలిండర్ మీద ఆధారపడి వచ్చేటప్పుడు నడక సగానికి పడిపోతుంది. కాబట్టి మూడో వంతును అనుమతి ఉన్న గరిష్ఠంగా చూడండి, ప్రతిసారీ అందుకోవలసిన లక్ష్యంగా కాదు. నీరు గుహలోపలికి ప్రవహించే చోట తిరుగు ప్రయాణం ప్రవాహానికి ఎదురు సాగుతుంది గనుక అక్కడ ఆ లెక్కకు అసలే విలువ లేదు.

సిలిండర్ల పరిమాణాలు వేరైనప్పుడు బార్‌లలో కాకుండా లీటర్లలో లెక్క కట్టండి. మీ దగ్గర 12 లీటర్ల జంట, సహచరుడి దగ్గర 8.5 లీటర్ల జంట, రెండూ 200 బార్‌తో ఉన్నాయనుకోండి. మీ మొత్తం 4800 లీటర్లు, మూడో వంతు 1600. అతని మొత్తం 3400, మూడో వంతు 1133. గుహ చివర మీ గాలి మొత్తం పోతే అతడు తన తిరుగు ప్రయాణం పోగా మీకు ఇవ్వగలిగింది ఆ 1133 లీటర్లే, మీరు మాత్రం అక్కడికి రావడానికి 1600 ఖర్చు చేసి ఉంటారు. అందువల్ల మీరు కూడా 1100 లీటర్లకు, అంటే మీ మీటర్ మీద సుమారు 45 బార్ తగ్గగానే తిరగాలి. ఇద్దరూ బార్‌లు మాత్రమే చూసుకుని కచ్చితంగా మూడో వంతు వాడాక, అంటే సుమారు 133 దగ్గర తిరిగితే మీకు దాదాపు 470 లీటర్ల లోటు పడుతుంది.

ఈ మెట్టు మీద ఎన్నాళ్లు ఉండాలన్నదానికి డైవ్‌ల సంఖ్య చెప్పడం నాకు ఇష్టం లేదు, దాని బదులు ఒక పరీక్ష చెబుతాను. మీటర్ చూసే ముందు ప్రతిసారీ అది ఎంత చూపుతుందో మనసులో అనుకుని, తరువాత చూడండి. వరుసగా కొన్ని డైవ్‌ల పాటు మీ అంచనా పది బార్ లోపు తేడాతో నిలిస్తే, శరీరం నడిపించుకోవడానికి పోయే ధ్యాస తగ్గిందని అర్థం. బయటికి వచ్చాక లైన్ ఏ గోడ వెంట సాగింది, ఎక్కడ కిందికి దిగింది, లైన్ మీది బాణం గుర్తులు ఎన్ని దాటారు అన్నది కాగితం మీద గీయండి. సహచరుడు విడిగా గీసినదానితో పోల్చండి. బొమ్మలో ఖాళీలు ఉన్నచోట మీ ధ్యాస వేరే దేనికో ఖర్చయింది. దేనికి ఖర్చయిందో కనుక్కుని, అదే గుహలో అదే దూరం మళ్లీ వెళ్లండి.

ఐదో మెట్టు: కూడళ్లు, జంప్‌లు

క్లిష్టత నిజంగా మొదలయ్యేది ఇక్కడే. ఒకే లైన్ మీద ఉన్నప్పుడు తిరుగు దారిలో ఒకే నిర్ణయం ఉంటుంది, ఎటువైపు బయటికి అన్నది. టీ ఆకారపు కూడలి ఒకటి వస్తే అక్కడ రెండు దారులు. అలాంటి కూడళ్లు మూడు దాటి వెళితే తిరిగి వచ్చేటప్పుడు ఎనిమిది రకాలుగా నిర్ణయించుకునే వీలుంటుంది, వాటిలో మీరు వచ్చిన దారి ఒక్కటే. దూరం పెరగలేదు, లోతు పెరగలేదు, అయినా తప్పు చేసే అవకాశం అన్ని రెట్లయింది. చూపు ఉన్నంత సేపూ ఇది తేలికగానే అనిపిస్తుంది కాబట్టి, చాలామంది ఒకే రోజు రెండు మూడు కొత్త కూడళ్లు కలుపుకుంటారు. దయచేసి అలా చేయకండి. ఒక కొత్త కూడలిని చేర్చిన డైవ్‌లో దూరం, లోతు పాతవే ఉండాలి.

ప్రతి కూడలి దగ్గరా ఆగి, బయటికి వెళ్లే వైపు లైన్ మీద మీ గుర్తు పెట్టండి. బాణం ఆకారపు ప్లాస్టిక్ గుర్తు దగ్గరలోని నిష్క్రమణ వైపు చూపుతుంది, కుకీ అనే గుండ్రటి గుర్తు మాత్రం దిక్కు చూపదు, అది ఈ వైపున ఫలానా జట్టు ఉందని మాత్రమే చెబుతుంది. లూయిస్ హోల్జెండార్ఫ్ గట్టి అతుకు టేపును త్రికోణంగా మడిచి తాడుకు అంటించడంతో ఈ ఆలోచన మొదలైంది, నేటి ప్లాస్టిక్ బాణాన్ని ఫారెస్ట్ విల్సన్ రూపొందించాడు. వేళ్లతో తడిమితేనే దిక్కు తెలియడం దాని గొప్పతనం. అయితే ముందే ఉన్న బాణం చూపే దగ్గరి నిష్క్రమణ మీరు వచ్చిన ద్వారం కాకపోవచ్చు, అది మీరు ఎన్నడూ చూడని, మీకు పట్టని ఇరుకు కూడా కావచ్చు. కాబట్టి ఇతరుల బాణాలను సమాచారంగా తీసుకోండి, నమ్మకాన్ని మాత్రం మీ జట్టు పెట్టిన గుర్తు మీదే ఉంచండి. గుర్తు పెట్టిన తరువాత ప్రతి ఒక్కరూ దాన్ని చూసి సంకేతం ఇచ్చేదాకా కదలకండి.

ప్రధాన లైన్‌కు తగలకుండా పక్కదారిలో మొదలయ్యే లైన్‌కు వెళ్లడాన్ని జంప్ అంటారు. ఆ ఖాళీ రెండు మీటర్లే అయినా, అవతలి తాడు కంటికి కనిపిస్తున్నా, రీల్‌తో రెండింటినీ కలపకుండా దాటకూడదు. తిరిగి వచ్చేటప్పుడు ఆ రెండు మీటర్లూ కనిపించకపోతే మీకు బయటి వరకు తెగకుండా సాగే లైన్ లేనట్లే.

ఒక చుట్టు తిరిగి మొదటి చోటుకే వచ్చే దారులను గాని, ఒక ద్వారంలో దిగి మరో ద్వారంలో తేలే దారులను గాని ఒకే డైవ్‌లో పూర్తి చేయాలని ఆశపడకండి. మొదటి రోజు ఒక వైపు నుంచి మీ గాలి హద్దు వరకు వెళ్లి, అక్కడ గుర్తు పెట్టి, వచ్చిన దారినే వెనక్కి రండి. తరువాతి డైవ్‌లో రెండో వైపు నుంచి బయలుదేరండి. గాలి హద్దు రాకముందే ఆ గుర్తు చేతికి అందితేనే ముందుకు సాగండి. అందకపోతే ఆ రోజుకు వెనుదిరగడమే.

ఆరో మెట్టు: లోతు, పరికరాలు, కొత్త రకం గుహలు

లోతు గురించి ఒక్క లెక్క చాలు. ఉపరితలంలో నిమిషానికి 20 లీటర్లు పీల్చే మనిషి, ఒత్తిడి నాలుగు రెట్లుండే 30 మీటర్ల దగ్గర 80 లీటర్లు ఖర్చు చేస్తాడు. పైగా లోతుతో నైట్రోజన్ మత్తు పెరుగుతుంది, మిగులు ధ్యాసను అది మీకు తెలియకుండానే తగ్గిస్తుంది. కూడళ్లు కొత్తవైన రోజుల్లో లోతును ముట్టుకోవద్దని నేను అనడానికి కారణం ఇదే.

సిలిండర్లను పక్కల మోసే సైడ్‌మౌంట్‌కు మారితే మొదటి మెట్టుకు దిగి బయటి నీటి నుంచి మళ్లీ రండి. అదనపు స్టేజ్ సిలిండర్‌ను తెలిసిన గుహలో, లైన్ మీద పెట్టడం, తీయడం మాత్రమే లక్ష్యంగా పెట్టుకుని అలవాటు చేసుకోండి. నీటిలో డైవర్‌ను లాక్కెళ్లే మోటారు స్కూటర్ మిమ్మల్ని కొద్ది నిమిషాల్లో చాలా దూరం తీసుకెళ్లిపోతుంది, అందుకని గాలి లెక్క ఎప్పుడూ అది చెడిపోయి మీరు ఈదుకుంటూ రావలసి వస్తుందన్న అంచనాతో కట్టాలి. వదిలిన శ్వాసను శుద్ధి చేసి మళ్లీ పీల్చుకోనిచ్చే రీబ్రీదర్ వాడేవారు అది ఆగిపోతే చివరి చోటు నుంచి బయటి వరకు సరిపడే గాలిని విడిగా మోసుకెళ్లాలి.

గుహ రకం మారినా కొత్త విషయం చేరినట్లే. ఫ్లోరిడా ఊట గుహల్లో బలమైన ప్రవాహానికి ఎదురీది నేర్చుకున్న డైవర్, మెక్సికోలోని యూకటాన్ సెనోటీలకు (సున్నపురాయి కూలి ఏర్పడిన నీటి గుంతలకు) వెళితే అక్కడ ప్రవాహం తక్కువ, కూడళ్లు ఎక్కువ, చేయి తగిలితే విరిగే సున్నపు ఊడలు ఎక్కడ చూసినా ఉంటాయి. మంచినీరు, ఉప్పునీరు కలిసే పొరలో ముందున్నవారి కదలికకు నీరు చెదిరి, కళ్లకు నూనె రాసినట్లు మసకబారుతుంది. ఆ పొరకు కాస్త పైనో కిందో, ముందువారికి పక్కగానో ఈదాలి. అక్కడ మొదటి రోజున మీ మామూలు దూరంలో సగానికి మించి వెళ్లకండి.

ఎప్పుడు ఒక మెట్టు దిగాలి

ప్రతి డైవ్ తరువాత పుస్తకంలో మూడు విషయాలు రాసుకోండి: ఆ రోజు కొత్తగా చేర్చినది ఏమిటి, మీ ధ్యాసను అనుకున్నదాని కన్నా ఎక్కువగా లాక్కున్నది ఏమిటి, సహచరుడు గమనించి మీరు గమనించనిది ఏమిటి. మూడో దానికి జవాబు మీకై మీరు రాయలేరు, తీరికగా కూర్చుని అతడిని అడగాలి. మూడో గడి రెండు డైవ్‌లలో వరుసగా నిండితే తరువాతి డైవ్‌లో ఏదీ చేర్చకండి, చివరిగా చేర్చినదాన్ని తీసేయండి. ఆరోగ్యం బాగాలేని రోజున, నిద్ర చాలని రోజున, సహచరుడు కొత్తవాడైన రోజున కూడా ఇదే పద్ధతి. జట్టు స్థాయిని ఎప్పుడూ అందరికన్నా తక్కువ అనుభవం ఉన్నవారి అర్హతే నిర్ణయించాలి.

కొన్ని నెలలు గుహకు దూరంగా ఉండి తిరిగి వచ్చినప్పుడు, మీ దగ్గర ఏ స్థాయి ధ్రువపత్రం ఉన్నా, ముందు ఒక పూట నేల మీద గంతలతో తాడు పట్టుకోండి, ఆ తరువాత బయటి నీటిలో మాస్క్ లేకుండా, లైటు లేకుండా చేసే పనులన్నీ ఒకసారి తిరగేయండి. గుహలోకి దిగే మొదటి డైవ్‌ను మీకు బాగా తెలిసిన ఒకే లైన్ మీద, ఆరో వంతు గాలితో ముగించండి. ఆ రోజు రీల్‌ను మీరే తీసుకుని ముందు నడవండి; విరామంలో అన్నిటికన్నా ముందు మొద్దుబారేది ముడి వేసే వేళ్లే, అది బయటపడవలసింది కూడా గుహ ముఖం దగ్గరే.